పుట్టుకతో ఇరుకైన గాలిగొట్టం: మా పాపకి ఆపరేషన్ చేసిన ఎయిర్‌వే టీమ్ గురించి నా రివ్యూ

మా పాపకి ఆపరేషన్ అయ్యి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ రాద్దాం రాద్దాం అనుకుంటూనే వాయిదా వేసా, ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కాళ్ళూ చేతులూ ఆడవు నాకు. మొన్న మా చుట్టాల్లో ఒకళ్ళు ఫోన్ చేసి వాళ్ళ బాబు ఊపిరి తీస్తుంటే గరగరమంటోంది, మీ పాపకి ఎలా ఉండేది, ఎవరికి చూపించారు, ఏం చేసారు అని అడిగితే గంటన్నర మాట్లాడా, పెట్టేసాక ఇదంతా రాసి పెడితే ఇంకో తల్లికి పనికొస్తుంది కదా అనిపించింది.

హాస్పిటల్ పేరు రాయట్లేదు. మెచ్చుకునేవీ ఉన్నాయి, ఫిర్యాదులూ ఉన్నాయి, పైగా మీరు ఎక్కడ ఉన్నా ఇలాంటి ఎయిర్‌వే టీమ్, అంటే పిల్లల ఊపిరి దారి ఇబ్బందులు కలిసి చూసే డాక్టర్లూ నర్సులూ, ఎలా ఉండాలో మీకు తెలిస్తే నాకు చాలు. ముందు మార్కులు చెప్పేస్తా. స్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం, లోపలికి పెట్టి చూడడం, జబ్బు కనుక్కోవడం, ఆపరేషన్: 5 కి 5. మాకు అర్థమయ్యేలా చెప్పడం 5 కి 5. ఐసీయూ నర్సులకి 5 కి 5, అంతకు మించి ఉంటే అదీ ఇచ్చేదాన్ని. ఇంటికి పంపే ముందు మాకు నేర్పించడం 5 కి 3. ఇంటికొచ్చాక ఫోన్లో దొరకడం 5 కి 2, అది తర్వాత బాగుపడింది, చెప్తా.

పాపకి మూడో వారం నుంచే శబ్దం మొదలైంది. జలుబు శబ్దం కాదు అది. లోపలికి పీల్చినప్పుడూ వచ్చేది, బయటికి వదిలినప్పుడూ వచ్చేది, తడితడిగా, లోపల ఏదో నీళ్ళు తిరుగుతున్నట్టు. దీన్ని డాక్టర్లు వాషింగ్ మెషీన్ శబ్దం అని కూడా అంటారని తర్వాత తెలిసింది, సరిగ్గా అలాగే ఉండేది. పాలు మూడు గుక్కలు తాగడం, ఆగిపోవడం, ఎగశ్వాస, మళ్ళీ మూడు గుక్కలు, నుదురంతా చెమట. ఒక్కసారి పాలు పట్టడానికి గంట పట్టేది, అందులో సగం పొలమారడమే. డొక్కలు ఎగరేసేది, మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోయేది. బరువు పెరగట్లేదు.

మొదట చూపించిన చోట లారింగోమలేషియా అన్నారు, అంటే స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి పీల్చినప్పుడు లోపలికి ముడుచుకుపోవడం. ఆ మాట అన్నందుకు వాళ్ళని తప్పుపట్టను, చంటిపిల్లల్లో ఇలా ఊపిరి శబ్దానికి అన్నిటికన్నా ఎక్కువగా కనపడే కారణం అదే, ఎక్కువమందికి ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చేసరికి తనంతట తనే సర్దుకుంటుంది. ఇంకో చోట నిమ్ము అన్నారు, ఇంకో చోట పిల్లికూతలు అని నెబులైజర్ పెట్టించారు, పెట్టినా తేడా లేదు. నా బాధల్లా ఒకటే. ఒక్కళ్ళు కూడా పాప చొక్కా విప్పి రెండు నిమిషాలు కదలకుండా చూడలేదు. శబ్దం ఏ ఊపిరికి వస్తోందమ్మా అని అడగలేదు.

ఎందుకు అడగాలో నాకు తర్వాత ఎయిర్‌వే టీమ్ వాళ్ళే చెప్పారు, చాలా తేలిక. శబ్దం పీల్చినప్పుడే వస్తే ఇబ్బంది ఎక్కువగా గొంతు దగ్గర, స్వరపేటిక పైన. వదిలినప్పుడు వస్తే ఛాతీ లోపలి గొట్టాల్లో. రెండిటికీ వస్తే కదలని ఇరుకు ఏదో ఉందని అనుమానించాలి, స్వర తంతువుల కింద కానీ గాలిగొట్టంలో కానీ. ఇదొక్కటే చూసి జబ్బు తేల్చలేరు, కానీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. లారింగోమలేషియా పిల్లలకి ఎలా పడుకోబెట్టామన్నదాన్ని బట్టి శబ్దం తగ్గడం పెరగడం ఉంటుంది, మా పాపకి ఎత్తుకున్నా పడుకోబెట్టినా ఒకటే. అది నాకు తెలుసు, రోజూ చూస్తున్నా, కానీ అది చెప్పాల్సిన విషయం అని నాకు తెలియదు. అందుకే మీరు ఎవరికి చూపించడానికి వెళ్ళినా ఫోన్లో వీడియో తీసుకెళ్ళండి, చొక్కా లేకుండా, నిద్రలో ఒకటి, పాలు తాగుతుంటే ఒకటి, ఏడుస్తుంటే ఒకటి, గదిలో టీవీ ఫ్యాను ఆపేసి తీయండి శబ్దం వినపడేలా. డాక్టర్ దగ్గరికి వెళ్ళిన టైముకి పాప హాయిగా నిద్రపోతుంటుంది, మీ మాట ఎవరూ నమ్మరు, వీడియో ఉంటే నమ్మాల్సిందే.

పదో వారంలో మామూలు జలుబు చేసింది. ఆ రాత్రే నీలంగా అయిపోయింది. పెదాలు, గోళ్ళు, నోటి చుట్టూ. మా ఆయన బండి ఎలా నడిపారో నేను వెనక సీట్లో ఎలా కూర్చున్నానో ఇద్దరికీ గుర్తులేదు. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీలో నోట్లోంచి ట్యూబ్ వేయడానికి ప్రయత్నం చేసారు, ట్యూబ్ స్వరపేటిక దాటింది కానీ ఇంకొంచెం కిందకి పోగానే ఆగిపోయింది, ముందుకు పోవట్లేదు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ చేసిన పనికి నేను జన్మంతా రుణపడి ఉంటా. ఆయన తొయ్యలేదు. చిన్న సైజు ట్యూబ్ మార్చి, ఇరుకు పైనే ఉంచి, అక్కడ్నుంచే ఊపిరి ఇప్పిస్తూ, "ఇది నిమ్ము కాదు, గొట్టంలోనే ఏదో ఉంది" అని ఎయిర్‌వే టీమ్ ఉన్న పెద్ద హాస్పిటల్‌కి ఫోన్ చేసారు.

ఎందుకు తొయ్యకూడదో ఇప్పుడు తెలుసు. అప్పుడే పుట్టిన పిల్లల గాలిగొట్టం లోపలి వెడల్పే 4, 5 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 4 సెంటీమీటర్లకి అటూ ఇటూ. 4 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2. వెడల్పు సగమైతే గాలి పోయే జాగా నాలుగో వంతుకి పడిపోతుంది, గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది, అదీ గాలి సాఫీగా పోతున్నప్పుడు. ఏడిస్తే గాలి సుడులు తిరిగి ఇంకా కష్టం. పెద్దవాళ్ళకి 1 మిల్లీమీటరు వాపంటే గొంతు నొప్పి. చంటిదానికి అది ప్రాణం మీదకి. ముందే ఇరుకున్న చోట ట్యూబ్‌తో గీరితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఎయిర్‌వే టీమ్ దగ్గరికి తెల్లవారుజామున చేరాం. ఇక్కడ్నుంచి అసలు రివ్యూ.

మొదట నచ్చింది ఏంటంటే అది ఒక డాక్టర్ కాదు, నిజంగా టీమ్. ఈఎన్‌టీ సర్జన్, గుండె సర్జన్, పిల్లలకి మత్తు ఇచ్చే డాక్టర్, ఊపిరితిత్తుల డాక్టర్, స్కాన్ చూసే డాక్టర్, ఐసీయూ డాక్టర్, పాలు మింగడం చూసే థెరపిస్ట్, వీళ్ళందరి మధ్యా తిరుగుతూ మాకు ఎప్పటికప్పుడు చెప్పే ఒక నర్స్ కోఆర్డినేటర్. అంతకుముందు నేను ఒక్కో డాక్టర్ దగ్గర కథ మొదట్నుంచి చెప్పుకుంటూ తిరిగా, ఇక్కడ ఒకసారి చెప్తే అందరికీ తెలిసింది. మత్తు డాక్టర్ వచ్చి చాలాసేపు కూర్చున్నారు, ఆయన చెప్పిన మాట ఒకటి మనసులో ఉండిపోయింది: "మిగతా ఆపరేషన్లలో సర్జన్ ఒక చోట పని చేస్తారు, నేను ఊపిరి చూసుకుంటా. ఇక్కడ ఇద్దరికీ ఒకటే గొట్టం అమ్మా. నేను, ఈఎన్‌టీ సర్జన్ ఆవిడ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండా వేలు కూడా కదపం." అలాంటి ఇద్దరు కలిసి రోజూ పనిచేసే చోటే ఈ పని చేయించుకోవాలని నాకు అప్పుడు అర్థమైంది.

స్కోప్ పెట్టి చూసాక ఈఎన్‌టీ సర్జన్ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టి వీడియో చూపించారు. మా ఆయన చూడలేనన్నారు, నేను చూసా. గులాబీ రంగు సొరంగంలా ఉంది. స్వర తంతువులు దాటగానే కొంతదూరం బానే ఉంది, గాలిగొట్టంలో మామూలుగా మృదులాస్థి రింగులు గుర్రపు నాడాలా ఉంటాయట, వెనక భాగం తెరిచి ఉండి అక్కడ మెత్తటి కండరం ఉంటుంది, అందుకే గొట్టం సాగుతుంది. పైన అలాగే ఉంది, వెనక మెత్తటి పట్టీ కనపడుతోంది. కొంచెం కిందకి వెళ్ళేసరికి ఆ పట్టీ మాయమైపోయింది. చుట్టూ గుండ్రంగా, గాజుల్లా, ఒకదాని కింద ఒకటి, పోయే కొద్దీ చిన్నవి అవుతూ, అడుగున చీకట్లో ఒక చుక్క. ఆ చుక్కలోంచే నా బిడ్డ పది వారాలు ఊపిరి తీసుకుంది. సుమారు 2 మిల్లీమీటర్లు అన్నారు.

వీడియో అక్కడ ఆగిపోయింది. అడిగా, కింద ఎలా ఉందో చూడలేదా అని. కావాలనే ఆగాం అన్నారు ఆవిడ. "స్కోప్ దూర్చొచ్చు, కానీ గీరుకుంటే వాస్తుంది, ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. కిందది స్కాన్‌లో చూద్దాం." ఎంత చూడొచ్చో కాదు, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు అనిపించింది, నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

తర్వాత రంగు మందు ఎక్కించి సీటీ, గుండెకి ఎకో. రెండిట్లో ఇంకో సంగతి బయటపడింది. ఎడమ ఊపిరితిత్తికి వెళ్ళాల్సిన రక్తనాళం దాని చోట పుట్టకుండా కుడి వైపు నాళం నుంచి పుట్టి, గాలిగొట్టం వెనక నుంచి చుట్టుకుని, గాలిగొట్టానికీ ఆహారగొట్టానికీ మధ్యలోంచి ఎడమకి వెళ్తోంది. దీన్ని పల్మనరీ ఆర్టరీ స్లింగ్ అంటారు, గుండ్రటి రింగులున్న పిల్లల్లో చాలామందికి ఇది కూడా ఉంటుందట, అందుకే రింగులు కనపడగానే గుండె, నాళాలు చూడకుండా కత్తి పట్టుకోరు. గుండె సర్జన్ టీమ్‌లో ఎందుకు ఉన్నారో నాకు అప్పటిదాకా తెలియలేదు.

ఇక ఏం చేస్తారో చెప్పిన రోజు. ఇది నేను ఎప్పటికీ మర్చిపోను. ఆవిడ మొదట చేయకూడనివి చెప్పారు, ఎందుకు చేయకూడదో చెప్పారు. బెలూన్ పెట్టి వెడల్పు చేయొచ్చుగా అని మా ఆయన అడిగారు, ఎక్కడో చదివారు. మెత్తటి పొరలా ఉన్న ఇరుకైతే బెలూన్ పనికొస్తుంది, గుండ్రటి మృదులాస్థి రింగుల్ని బెలూన్ సాగదీయలేదు, బలవంతం చేస్తే చిరిగిపోవచ్చు అన్నారు. మెడలో చిల్లు పెట్టి ట్యూబ్ పెడితే, అంటే ట్రకియాస్టమీ, అది ఇరుకు పైనే ఆగుతుంది, ఇరుకు ఛాతీలో కిందెక్కడో ఉంది, కాబట్టి దారి దొరకదు. ఇరుకు కొంచెమే ఉంటే ఆ ముక్క కోసేసి రెండు చివరలూ కలిపి కుట్టొచ్చు, మా పాపకి గొట్టంలో సగానికి మించి ఇరుకే, అంత కోసేస్తే కలవదు. ఇరుకు తక్కువగా ఉండి పిల్ల బాగా ఎదుగుతుంటే ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండడం కూడా ఒక వైద్యమే, రింగులు గుండ్రంగా ఉన్నా కొందరిలో వయసుతో పాటు పెరుగుతాయి, మా పాప ఆ దశ దాటిపోయింది అన్నారు.

అప్పుడు బల్ల మీద ఉన్న తెల్లకాగితం తీసి సన్నగా గొట్టంలా చుట్టి టేప్ వేసారు. కత్తెరతో సరిగ్గా మధ్యలో అడ్డంగా కత్తిరించారు, రెండు ముక్కలు. పై ముక్కని వెనకవైపు నిలువుగా చీల్చారు, కింది ముక్కని ముందువైపు నిలువుగా చీల్చారు. రెండూ చీలిన చోట విచ్చుకున్నాయి. వాటిని ఒకదాని మీదకి ఒకటి జార్చి అంచుకి అంచు కలిపి వేళ్ళతో పట్టుకున్నారు. పొడవు సగమైంది, చుట్టుకొలత రెండింతలైంది. "చుట్టుకొలత రెండింతలైతే లోపల జాగా నాలుగింతలమ్మా, ఇంతే ఆపరేషన్" అన్నారు. దీని పేరు స్లైడ్ ట్రాకియోప్లాస్టీ. నేను ఆ కాగితం అడిగి తీసుకున్నా, పాప ఫైల్లో ఇప్పటికీ ఉంది, నలిగిపోయింది, టేప్ పసుపు రంగుకి వచ్చింది.

ఆ రాత్రి నేను నిద్రపోకుండా దీని గురించి చదివా. 1980ల్లో గుండె చుట్టూ ఉండే పొర ముక్కో, పక్కటెముక మృదులాస్థి ముక్కో తెచ్చి గొట్టం ముందు భాగాన్ని చీల్చి అతుకు వేసేవాళ్ళు. బయటి ముక్క కాబట్టి లోపల గాలిగొట్టానికి ఉండే సొంత పొర దానికి ఉండదు, అక్కడ కండ పెరిగి మళ్ళీ మళ్ళీ ఇబ్బంది వచ్చేది. 1989లో లండన్‌లో త్సాంగ్, గోల్డ్‌స్ట్రా వాళ్ళు ఈ జార్చి కుట్టే పద్ధతి మొదట రాసారు, 1994లో బోస్టన్‌లో గ్రిల్లో దాన్ని ముందుకు తీసుకెళ్ళారు, ఇప్పుడు పొడవైన ఇరుకుకి ఎక్కువ చోట్ల చేసేది ఇదే. ఇందులో అతుకు లేదు, పిల్ల సొంత గొట్టమే, సొంత పొరే, రక్తం కూడా గొట్టానికి రెండు పక్కల నుంచే వస్తుంది కాబట్టి పక్కలు జాగ్రత్తగా వదిలేసి ముందూ వెనకా చీలుస్తారు. పొద్దున్నే వెళ్ళి ఆవిడని అడిగా, పక్కలు ముట్టుకోరు కదా అని. ఆవిడ నవ్వలేదు, తేలిగ్గా తీసిపారేయలేదు, కూర్చుని మళ్ళీ బొమ్మ గీసి చెప్పారు. 5 కి 5 ఇచ్చింది ఇందుకే.

ఆపరేషన్ ఛాతీ ఎముక మధ్యలో తెరిచి, గుండె ఊపిరితిత్తుల పని మెషీన్ మీద పెట్టి చేసారు, గొట్టం తెరిచి ఉన్నంతసేపూ ఊపిరి అక్కర్లేకుండా. ఆ నాళాన్ని కూడా అక్కడ్నుంచి తీసి దాని చోట ముందువైపు కుట్టారు. పొద్దున లోపలికి తీసుకెళ్తే మధ్యాహ్నం దాటాక బయటికొచ్చారు. మధ్యలో కోఆర్డినేటర్ నర్స్ నాలుగు సార్లు వచ్చింది, ఒక్కోసారి ఒక్క వాక్యం: మెషీన్ మీద పెట్టారు, నాళం అయిపోయింది, గొట్టం కుడుతున్నారు, మెషీన్ తీసేసారు. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే ఆ గంటలు ఎలా గడిచేవో నాకు తెలియదు. ప్రతి హాస్పిటల్‌లో ఇది ఉండాలి.

ఐసీయూలో ఆరు రోజులు వెంటిలేటర్. మెడ వెనక్కి వాల్చకుండా, కుట్ల మీద లాగుడు పడకుండా గడ్డం కొంచెం కిందకి ఉండేలా చిన్న చిన్న గుడ్డ చుట్టలు పెట్టి పడుకోబెట్టేవాళ్ళు. కఫం తీసే సక్షన్ గొట్టం ఎంత లోతుకి పోవాలో మంచం మీద కాగితం అంటించి సెంటీమీటర్లలో రాసారు, కుట్ల దాకా పోకూడదని. రాత్రి డ్యూటీ నర్సు ఒకావిడ ప్రతిసారీ ఆ గొట్టం మీద వేలితో కొలత పట్టుకుని, కాగితం వైపు ఒకసారి చూసి, అప్పుడే దూర్చేది. తెల్లారి నాలుగింటికి కూడా. ఎవరూ చూడట్లేదు, నేను నిద్రపోతున్నా అనుకుంది.

ట్యూబ్ తీసే ముందు మళ్ళీ స్కోప్ పెట్టి లోపల కుట్లు చూసారు. తీసిన రాత్రి నేను మంచం పక్కన కూర్చుని ఉన్నా, గదిలో శబ్దం లేదు. వారాల తరబడి ఆ గరగర వింటూ నిద్రపోయినదాన్ని, శబ్దం లేకపోయేసరికి ఊపిరి లేదేమో అని లేచి నర్సుని పిలిచా. పాప మామూలుగా ఊపిరి తీసుకుంటోంది, మానిటర్‌లో ఆక్సిజన్ 98 ఉంది. నర్సు నా చేయి పట్టుకుని పాప ముక్కు దగ్గర పెట్టింది.

అంతా సాఫీగా అయిపోలేదు, అదీ చెప్పాలి. మూడో వారంలో మళ్ళీ కొంచెం శబ్దం మొదలైంది, స్కోప్‌లో చూస్తే కుట్ల దగ్గర చిన్న కండ పెరిగింది. అది తీసేసి ఒకసారి బెలూన్ పెట్టారు. నేను ఆగలేక అడిగా, బెలూన్ పనికిరాదన్నారు కదా అని. అప్పుడు గట్టి రింగు, ఇప్పుడు మానుతున్న మెత్తటి కండ, రెండూ వేరు అన్నారు. ఇలా మొదటి నెలల్లో స్కోప్‌లు పలుమార్లు పడతాయని ముందే చెప్పి ఉన్నారు, కాబట్టి భయపడ్డాం కానీ మోసపోయాం అనిపించలేదు.

ఇక ఫిర్యాదులు. డిశ్చార్జ్ అయ్యే రోజు మధ్యాహ్నం వచ్చి బొమ్మ మీద సీపీఆర్ నేర్పించారు, అరగంటలో అయిపోయింది. అప్పటికే సంచులు సర్దేసి, పాపకి పాల టైము అయ్యి, నా బుర్ర ఎక్కడో ఉంది. చంటిపిల్లకి ఛాతీ మీద ఎక్కడ నొక్కాలి, ఎంత లోతు, నోరు ముక్కు రెండూ కలిపి ఎలా ఊదాలి, ఇవి ఒక్కసారి చూస్తే చేతికి రావు. వారం ముందే మొదలుపెట్టి, ఇంట్లో పాపని చూసుకునే ప్రతి ఒక్కళ్ళతో రెండు మూడు సార్లు చేయించాలి. మా అత్తమ్మ అసలు ఆ రోజు రాలేదు, తర్వాత నేనే నేర్పించుకున్నా. మీరు ఐసీయూ నుంచి వార్డుకి వచ్చిన రోజే అడిగేయండి, ఎప్పుడు నేర్పిస్తారు అని.

ఇంకోటి, డిశ్చార్జ్ పేపర్లలో నాలుగు పేజీలు ఉన్నాయి కానీ ఎమర్జెన్సీలో కొత్త డాక్టర్‌కి కావాల్సిన సంగతి ఒక్క చోట లేదు: పాప గొట్టానికి ఎంత సైజు ట్యూబ్ పడుతుంది, ఎంత లోతు దాకా వేయాలి, ఏ చోట కుట్లున్నాయి, ఎవరికి ఫోన్ చేయాలి. మాకు మొదటి రాత్రి ఏం జరిగిందో గుర్తుండబట్టి నేను పట్టుబట్టా. కోఆర్డినేటర్ నర్స్ అక్కడే నిలబడి చిన్న అట్టముక్క మీద చేత్తో రాసి ఈఎన్‌టీ సర్జన్‌తో సంతకం పెట్టించి ఇచ్చింది. లామినేట్ చేయించి ఒకటి పాప సంచిలో, ఒకటి బండిలో, ఫోటో నా ఫోన్లో పెట్టుకున్నాం. అడగకుండానే ఇవ్వాల్సింది అది.

ఫోన్ సంగతి. ఇచ్చిన నంబరు వార్డుది. ఇంటికొచ్చిన రెండో వారం రాత్రి పాప దగ్గు మారింది, ఫోన్ చేస్తే ఎత్తిన వాళ్ళకి మా పాప ఎవరో తెలియదు, దగ్గర్లో ఎమర్జెన్సీకి వెళ్ళండి అని పెట్టేసారు. వెళ్ళాం, అక్కడివాళ్ళు ఆ అట్టముక్క చూసి జాగ్రత్తపడ్డారు, మామూలు జలుబే అని తేలింది. తర్వాత చెకప్‌లో నేను కోపంగానే చెప్పా, టీమ్ వాళ్ళు విన్నారు, రాత్రి పూట ఎయిర్‌వే డాక్టర్‌కి నేరుగా కలిపే నంబరు ఇప్పుడు ఆపరేషన్ అయిన అందరికీ ఇస్తున్నారట. మొదటి ఆరు వారాలకి నేనిచ్చిన 2 మాత్రం మార్చను, ఆ రాత్రి నేను ఒంటరిగా ఉన్నా.

పాలు మింగడం చూసే థెరపిస్ట్ కూడా ఆలస్యంగా వచ్చారు. గొట్టం బాగైతే పాలు దానంతట అవే తాగుతుందనుకున్నా, కాదు. పది వారాలు ఊపిరికీ గుక్కకీ మధ్య కొట్లాడిన పిల్ల తర్వాత సీసా చూస్తేనే మొహం తిప్పుకునేది. ఆవిడ వచ్చాక పక్కకి పడుకోబెట్టి, నెమ్మదిగా కారే పీక పెట్టి, రెండు గుక్కలకి ఒకసారి సీసా దించి పట్టడం నేర్పించారు, పది రోజుల్లో తేడా కనపడింది. ఆవిడ వార్డుకి వచ్చిన మొదటి రోజే వచ్చుంటే ముక్కులో పాల గొట్టం అన్నాళ్ళు ఉండేది కాదని నా నమ్మకం.

ఈ టీమ్‌ని నేను ఎందుకు నమ్మానో చెప్పడానికి ఇంకో సంగతి. పక్క మంచం మీద ఒక బాబుకి ఇరుకు వేరే చోట, స్వర తంతువుల కింద, క్రికాయిడ్ అనే రింగు పుట్టుకతో సన్నగా ఉంది. మత్తులో ఉండగా వేరు వేరు సైజు ట్యూబులు పెట్టి చూసి ఎంత శాతం మూసుకుందో కొలుస్తారు, దానికి మయర్ కాటన్ గ్రేడులు ఉంటాయి, సగం లోపు అయితే 1, 70 శాతం దాకా 2, అంతకు మించితే 3, పూర్తిగా మూసుకుపోతే 4. ఆ బాబుది 1. వాళ్ళమ్మా నాన్నా ఆపరేషన్ చేసేయండి అని బతిమాలుతుంటే, వద్దు, పెరుగుతాడు, గొట్టం కూడా పెరుగుతుంది, పుట్టుకతో వచ్చే ఈ రకం చాలాసార్లు వయసుతో సర్దుకుంటుంది, ట్యూబ్ గాయంతో వచ్చే రకం కన్నా మంచిది అని చెప్పి ఇంటికి పంపించారు, మూడు నెలలకి రమ్మని. మా పాపకి ఒక్క వారం కూడా ఆగలేమన్న అదే మనుషులు ఆ బాబుకి ఆగమన్నారు.

మీరు ఇలాంటి టీమ్ కోసం వెతుకుతుంటే నేనైతే ఇవి అడుగుతా: పిల్లల ఎయిర్‌వేకి మత్తు ఇవ్వడంలో అలవాటున్న డాక్టర్ ఉన్నారా, గుండె సర్జన్ అదే చోట ఉన్నారా, ఇలాంటి ఆపరేషన్ ఇక్కడ ఎన్ని చేసారు, స్కోప్ వీడియో మాకు చూపించి కాపీ ఇస్తారా, తర్వాత స్కోప్‌లు ఇదే మనుషులు చేస్తారా, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. ఇవి అడిగితే ఎవరైనా చిరాకు పడితే ఇంకో చోట కూడా అడగండి, పిల్ల స్థిమితంగా ఉంటే. నీలంగా అవుతుంటే మాత్రం ఇవేవీ వద్దు, ఏది దగ్గరైతే అక్కడికి, వెంటనే.

పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. దగ్గు మాత్రం వేరేగా ఉంటుంది, గట్టిగా, కంచు మోగినట్టు, కొత్తవాళ్ళు వింటే ఉలిక్కిపడతారు, ఇది కొన్నేళ్ళు ఉండొచ్చన్నారు. జలుబు చేస్తే మేం మిగతావాళ్ళ కన్నా ముందు వెళ్తాం. పాప ఉన్న చోట పొగ తాగనివ్వం, అది టీమ్ పెట్టిన మొదటి షరతు. నిద్రలో నేను ఇప్పటికీ లేచి డొక్కలు చూస్తా, లైటు వేయకుండా చేత్తో తడిమి, అవి కదలకుండా పొట్ట మాత్రం మెల్లగా పైకీ కిందకీ ఆడుతుంటే మళ్ళీ పడుకుంటా.

వచ్చే నెల మళ్ళీ స్కోప్ ఉంది, బాగుంటే ఆ తర్వాత ఏడాదికోసారే అన్నారు. అది అయ్యాక ఏం చెప్పారో దీని కిందే రాస్తా.